నిద్రబూరుగుకు పూచీ

కరోనా వెళ్లిపోయిన మరుసటి ఏడాది, ఎండలు ముదురుతున్న మార్చి నెలలో, నన్ను నంద్యాల డివిజనుకు వృక్ష స్వభావ అధికారిగా వేశారు. రిటైర్మెంటు దగ్గర పడిన ఉద్యోగానికి సొంత ఊరు దొరకడం మాటలు కాదు. మా నాయన ఎండుమిరపకాయల అంగడి నడిపిన బజారుకు రెండు వీధుల అవతలే ఆఫీసు. తోటివాళ్లందరూ అదృష్టమన్నారు. అదృష్టమే, నేనూ కాదనను. కాకపోతే సొంత ఊళ్లో అధికారికి ఒక తలనొప్పి ఉంది. బెండకాయలు బేరమాడుతున్నా సరే, తూకం వేసేవాడు తన పెరట్లో జామచెట్టు ముఖం ముడుచుకుందని మొదలుపెడతాడు.

మా శాఖ సంగతి తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. చెట్టు ఆరోగ్యం చూసేవాళ్లు వేరే ఉన్నారు, చెట్ల లెక్క చూసేవాళ్లు వేరే ఉన్నారు. చెట్టు మనసు చూసేది మేము. కాయాల్సిన చెట్టు కాయకపోతే, తెగులూ పురుగూ లేవని మొదట వాళ్లు తేల్చాలి. ఆ తర్వాతే కేసు మాకు వస్తుంది. మేం దాన్ని మూడు తరగతుల్లో ఏదో ఒకదాంట్లో వేస్తాం: అలిగిన చెట్టు, మొండికేసిన చెట్టు, గొడ్డు చెట్టు. అలిగినదాన్ని బుజ్జగిస్తాం. మొండికేసినదాన్ని బెదిరిస్తాం. గొడ్డుదని తేలితే ఇక చేతులు దులుపుకోవడమే. దాన్ని కొట్టేసుకున్నా మాకు అభ్యంతరం ఉండదు.

ఎగతాళి చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. మా ఆడబిడ్డ అయితే "మా వదిన చెట్లకు సంసారాలు చక్కబెడుతుంది" అని పెళ్లిళ్లలో నన్ను పరిచయం చేసేది. అననీ. గడివేముల దగ్గర ఒక చింతచెట్టు, తనున్న ఇంట్లో పెళ్లి జరుగుతున్నట్టు తనకు ముందుగా చెప్పలేదని అలిగి కూర్చుంటే, కొత్త దంపతులిద్దరినీ పిలిపించి శుభలేఖ చదివించింది ఎవరు? మేమే. మరుసటి ఏడు కొమ్మలు వంగేలా కాసింది. అన్నీ మాకు లొంగుతాయని కాదు. కొత్తపల్లెలో ఒక నిమ్మచెట్టు అత్త నీళ్లు పోస్తే పుల్లగా, కోడలు పోస్తే చేదుగా కాసేది. దాన్ని మేం ముట్టుకోలేదు. ఇది చెట్టు కేసు కాదని చెప్పి వెనక్కి వచ్చేశాం.

డివిజనులో నా కింద ఉన్నది ఒక్కడే ఉద్యోగి. పేరు ఓబులేసు, ఊరు రుద్రవరం, వయసు యాభై దాటింది. హోదా ఆవులింతదారు. నవ్వకండి, ప్రభుత్వం మంజూరు చేసిన పోస్టే. కొన్ని జాతుల చెట్లు మనిషి నిద్రతో ముడిపడి ఉంటాయి. అలాంటి చెట్టు బాగుందో లేదో తెలియాలంటే, రాత్రంతా కడుపునిండా నిద్రపోయిన మనిషిని దాని కింద నిలబెట్టాలి. అయినా ఆవులింతలు వస్తే చెట్టు పనిచేస్తున్నట్టు. కాబట్టి బాగా నిద్రపోయి రావడమే ఓబులేసు డ్యూటీ. పొద్దున ఆఫీసుకు రాగానే నా టేబులు ముందు నిలబడి, "బాగా పండుకున్యా మేడం" అని రిపోర్టు చేసేవాడు. ఆ మాట ఆయన చెప్పే తీరులో ఎంత గర్వం ఉండేదో! అంత నిజాయితీగా డ్యూటీ చేసిన మనిషిని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు.

ఏప్రిల్ చివర్లో ఆళ్లగడ్డ కేసు వచ్చింది.

ఆళ్లగడ్డలోకి వెళ్లే రోడ్డు మీద, రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు దాటాక, ఖాసీం అనే దూది పనాయన పరుపుల అంగడి ఉంది. అంగడి ముందు పెద్ద బూరుగుచెట్టు. చూడటానికి మామూలు బూరుగే. మానుకు ముళ్లు, ఎండలకు ముందు ఎర్రటి పూలు. కానీ అది నిద్రబూరుగు. నల్లమల పక్కన ఉన్న మా ప్రాంతంలో తప్ప ఆ జాతి ఇంకెక్కడా మిగల్లేదు.

దాని పద్ధతి ఏమిటంటే, మనిషికి వచ్చే నిద్ర మొత్తం ఆ మనిషికి ఖర్చు కాదు. కొంత మిగిలిపోతుంది. ఆ మిగులు నిద్ర గాలికంటే కాస్త బరువు కాబట్టి కిందికి జారి నేల మీద పేరుకుంటుంది. బూరుగు వేర్లు పైపైనే పాకుతాయి గనుక దాన్ని పీల్చుకుని, కొమ్మల్లోకి ఎక్కించి, కాయల్లో దూదిగా దాచుకుంటుంది. అందుకే నేల మీద ఒళ్లు వాల్చినవాళ్ల నిద్రే చెట్టుకు అందుతుంది. కూర్చుని కునికేవాళ్ల నిద్ర నడుము దాకా దిగి అక్కడే ఆగిపోతుంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు నడుంనొప్పులు అందుకే వస్తాయని మాకు ట్రైనింగులో చెప్పారు.

కాయ పగిలాక ఆ దూదిని పిడికెడు తీసి మామూలు దూదిలో కలిపి దిండు కుట్టాలి. పిడికెడే. మా బంధువుల్లో ఒక పిల్లవాడికి ఎవరో ప్రేమ ఎక్కువై దిండు నిండా అదే దూది కూరి ఇచ్చారు. పెళ్లిరోజు ముహూర్తానికి లేపితే లేవలేదు. దిండుతో సహా మోసుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టి, పురోహితుడు చెయ్యి పట్టి తాళి కట్టించాడు. "నా మొహం చూసి కట్టలేదు గదా నువ్వు" అని ఆ అమ్మాయి ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆళ్లగడ్డలో పుట్టిన ప్రతి బిడ్డ తలకింద మొదటి దిండు ఖాసీం ఇంటిదే. హిందువులా ముస్లిములా అన్న తేడా లేదు. ఖాసీం తాత ఏకిన దూది, తండ్రి ఏకిన దూది, ఇప్పుడు ఈయన ఏకేది. మామూలు దూదికి మిషను పెట్టుకున్నా, బూరుగుదూదికి మాత్రం నారి కట్టిన పాత విల్లే వాడేవాడు. మిషను శబ్దానికి దూదిలో నిద్ర చెదిరిపోతుందని వాళ్ల నమ్మకం. మా శాఖ కూడా దాన్ని అంగీకరించింది.

అలాంటి చెట్టు వరసగా మూడు వేసవులుగా పూసి రాల్చుకుంటోంది తప్ప కాయడంలేదు. ఇదే సమయంలో రోడ్డు వెడల్పు చేసే పని వచ్చి పడింది. చెట్టు సరిగ్గా కొత్త రోడ్డు అంచులో ఉంది. కాసే నిద్రబూరుగైతే రోడ్డును కొంచెం పక్కకు జరపాలి. గొడ్డుదైతే పెరికేయొచ్చు. ఆ మాట చెప్పాల్సిన మనిషిని నేను. రోడ్డు పని చూసే ఏఈ ఫోను చేసి, వారంలో తేల్చమన్నాడు. మంచి కుర్రాడే, కానీ పై నుంచి ఒత్తిడి ఉన్నవాళ్లందరిలాగే వాక్యం పూర్తికాకముందే ఫోను పెట్టేసేవాడు.

మొదటి రోజు ఓబులేసును చెట్టు కింద నిలబెట్టాను. ఎర్రటి ఎండ, వేడిగాలి, పైగా అప్పుడే తిన్న రాగిసంగటి. మామూలు చెట్టు కిందయినా మనిషి తూగాలి. ఓబులేసు నోరు పెద్దగా తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, చివరికి ఏడుపు మొహం పెట్టాడు.

"మేడం, ఈడ ఏమీ రావడంల్యా. నోరు తెరుస్తాండా గానీ ఆవులింత రావడంల్యా."

ఖాసీం అంగడి అరుగు మీద కూర్చుని పరుపు కుడుతున్నాడు. అరవై దాటిన మనిషి. కళ్లకింద నల్లటి గుంటలు. మూడేళ్ల కిందట భార్య మాబున్ని పోయిందని, అప్పటినుంచి ఆయనకు నిద్ర సరిగా లేదని పక్క అంగడివాళ్లు చెప్పారు. అయ్యో పాపం అనుకుని ఊరుకున్నాం. మా శాఖలో చెట్టు సంగతి అడగడమే గానీ ఇంటివాళ్ల సంగతి అడిగే ఆనవాయితీ లేదు.

చెట్టును కాపాడుకోవడానికి ఏం చేద్దామని ఆయన్ను అడిగాను.

"కాయకపోతే మానె. నేనేమన్నా దాని కాళ్లు పట్టుకోవాల్నా?" అన్నాడు, సూదిలో దారం ఎక్కిస్తూ. "పెరికేసుకుంటే పెరికేసుకోనీమ్మా."

"మరి నీ పని, ఖాసీమన్నా?"

"పని యాడుండాదిలే. అందరూ ఫోము పరుపులు తెచ్చుకుంటాండారు. బూరుగుదూది లేని నా దిండు ఎవురికి గావాల?"

నాకు ఒళ్లు మండింది. ఊరు ఊరంతా ఆ చెట్టు కోసం కొట్టుకుంటుంటే చెట్టుగల మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు. ఆ దూది లేకపోతే అంగడి మూసుకోవాల్సిందేనని ఆయన నోటితోనే చెప్తున్నాడు, మళ్లీ పెరికేయమనీ ఆయనే అంటున్నాడు. ఇదెక్కడి మనిషిరా నాయనా అనుకున్నాను.

చెట్టు అలిగిందని తేల్చి బుజ్జగించాలంటే నెలలు పడుతుంది. ఏఈ ఇచ్చింది వారం. కాబట్టి మొండికేసిన చెట్టుగా రాసుకుని బెదిరింపు విధికి దిగాం. ఇది మా శాఖ కనిపెట్టింది కాదు. కాయని చెట్టును గొడ్డలి చూపించి భయపెట్టడం మా పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. శాఖ దానికి ఒక పద్ధతి ఏర్పరిచింది, అంతే. ఒక మనిషి గొడ్డలి ఎత్తి "కాయని చెట్టు ఎందుకు, నరుకుతా" అనాలి. ఇంకో మనిషి వచ్చి ఆ చెయ్యి పట్టుకుని "వద్దు, వచ్చే ఏడు కాస్తుంది, నాది పూచీ" అనాలి. ఈ పూచీ పడేవాళ్లు ఆ ఇంటివాళ్లే అయి ఉండాలి. అధికారి దూరంగా నిలబడి సాక్షిగా చూడాలి, నోరు మెదపకూడదు. బెదిరింపు చెట్టుకు తగిలితే మాను చెమరుస్తుంది. బెరడు మీద చెయ్యి పెడితే తడి తెలుస్తుంది. ఆ తడి ఉంటే చెట్టుకు ఒక ఏడాది గడువు దొరుకుతుంది. పొడిగానే ఉంటే గొడ్డుదన్నట్టే.

ఇక్కడ మేమంతా కలిసి ఒక తెలివితక్కువ పని చేశాం. రిహార్సలు చెట్టు కిందే వేశాం. వేయకేం చేస్తాం? మే నెల ఆళ్లగడ్డ ఎండలో ఇంకెక్కడ నిలబడతాం? ఓబులేసు అందరికీ వినపడేలా, "నేను ఇట్ల గొడ్డలెత్తుతా, ఖాసీమన్నా, నువ్వొచ్చి చెయ్యి పట్టుకో, భయపడాకు, యాడా తగల్దు" అని పాత్రలు పంచాడు. చెట్టు అంతా విన్నది. ఆ మాట మాకు తర్వాత తట్టింది.

మొదటి బెదిరింపు ఓబులేసే చేశాడు. ముందు రోజు ఆవులింతలు రాని బెంగతో రాత్రి నిద్రపోలేదట. సరిగ్గా "నరుకుతా" అనబోతూ నోరంతా తెరిచి ఆవులించాడు. చూడటానికి వచ్చినవాళ్లు పగలబడి నవ్వారు. డ్యూటీలో ఆవులించాల్సినప్పుడు ఆవులించలేదు, ఇప్పుడు ఆవులించాడు. ఆ ఆవులింత చెట్టుది కాదు, సొంతది కాబట్టి లెక్కలోకి రాదు. పాపం, రెండు రోజులు నా ముఖం చూడలేదు.

రెండోసారి టింబరు డిపో సుబ్బరాయుణ్ణి పిలిచాం. రోజూ మొద్దులు కోసే మనిషి, మీసాలు చెవుల దాకా ఉంటాయి, గొంతెత్తితే బస్టాండులో వినపడుతుంది. ఈయనకు చెట్టు భయపడకపోతే ఇంకెవరికి భయపడుతుందనుకున్నాం. గొడ్డలి ఎత్తి, "నరుకుతా! వింటాండావా? నరుకుతా ఇంగ!" అని గర్జించాడు. వెంటనే గొంతు తగ్గించి, "ఏమనుకోవాకు తల్లీ" అన్నాడు. ఆయన నలుగురు బిడ్డలూ ఆ చెట్టు దూది మీదే పెరిగారు మరి. ఖాసీం వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, బడిలో హాజరు పలికినట్టు, "వద్దప్పా, కాస్తాది, నాది పూచీ" అని వెళ్లి మళ్లీ సూది పట్టుకున్నాడు. బెరడు తడిమి చూశాను. ఎండిన కట్టెలాగే ఉంది.

ఔరా, ఆళ్లగడ్డలో గట్టిగా బెదిరించే మనిషి దొరకలేదంటే చెప్పుకోవడానికే సిగ్గు! మా జాయింట్ డైరెక్టరు గారికి ఫోనులో చెబితే అవతలినుంచి గరగరమని శబ్దం వచ్చింది. లైను పాడైందనుకున్నాను. నవ్వుతున్నారట.

గడువు చివరి రోజు మధ్యాహ్నం ఏఈ కూడా వచ్చాడు. ముళ్లు లేనిచోట చూసుకుని మెల్లగా చెట్టుకు వీపు ఆనించి నిలబడి, "మేడమ్, నాకు మీ చెట్టు మీద పగేం లేదు. ఏదో ఒకటి చెప్పేయండి. రేపు పొద్దున మిషను వస్తుంది" అన్నాడు. న్యాయంగానే అడిగాడు. నేను చెప్పాల్సింది ఒక్క మాట: గొడ్డు. అది నోటిదాకా వచ్చింది. ఆ అంగడి మూతపడితే ఆ ముసలాయన ఇక ఏం చేసి బతుకుతాడు? అయినా చేసేదేముంది? విధి ప్రకారం రెండుసార్లూ చేశాం, చెమర్చలేదు.

"సరే, రాసుకోండి" అన్నాను.

అప్పుడు ఖాసీం అరుగు దిగాడు. సుబ్బరాయుడు మానుకు ఆనించి వెళ్లిన గొడ్డలి అక్కడే ఉంది. దాన్ని తీసుకున్నాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. సామాను లోపల పెడుతున్నాడనుకున్నాం.

"ఊరందరికీ ఇస్తివి గదే" అన్నాడు చెట్టుతో. గట్టిగా కూడా అనలేదు. "పుట్టిన బిడ్డకిస్తివి, సచ్చే ముసిలోనికిస్తివి. నా మాబున్ని నీ కిందనే గదే పండుకునింది. పగటిపూట రోంచేపు పండుకుంటానని పండుకుంటే మల్ల లేయకుండా జేస్తివి. మాపుకు లేపితే లేయలా. యా అల్లా, ఎంత లేపితిని! దాని నిద్రా మింగితివి, నా నిద్రా మింగితివి. ఇంగ నీకెందుకే కాయలు? నీకెందుకే పానం?"

గొడ్డలి పైకి లేచింది. అది బెదిరింపు కాదు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలిసింది. ఓబులేసు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. ఏఈ కొయ్యబారిపోయాడు, మానుకు ఆనుకునే ఉన్నాడు. చెయ్యి పట్టుకోవాల్సింది ఇంటి మనిషి. ఆ ఇంట్లో మిగిలిన ఒక్క మనిషి చేతిలోనే గొడ్డలి ఉంది.

సాక్షి కదలకూడదు, నోరు మెదపకూడదు. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఆ గీత దాటలేదు. అప్పుడు ఎలా కదిలానో నాకు తెలియదు. రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని వేలాడాను, నిజంగా వేలాడాను.

"వద్దన్నా! వద్దు! వచ్చే ఏడు కాస్తాది. నాది పూచీ!"

"ఇడ్సమ్మా. నువ్వెవురు?"

"ఎవురైతే ఏంది? పూచీ అంటాండా గదా! నరికితే నన్ను నరుకు ముందు!"

ఆఫీసు భాష ఎక్కడికి పోయిందో పోయింది. మా నాయన అంగడి ముందు పోట్లాడే ఆడపిల్ల గొంతు వచ్చింది. ఖాసీం నా వైపు చూశాడు. గొడ్డలి జారి మట్టిలో పడింది. ఆయన అక్కడే చతికిలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. మూడేళ్లలో ఆయన ఏడవగా చూడటం అదే మొదటిసారని పక్క అంగడి ఆవిడ తర్వాత చెప్పింది.

అప్పుడు ఏఈ మెల్లగా చెట్టు నుంచి పక్కకు జరిగి, చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకున్నాడు. చొక్కా మెడనుంచి నడుము దాకా తడిసిపోయి ఉంది. చెమటేమోనని వాసన చూశాడు. పచ్చి బెరడు వాసన. మాను నిండా సన్నటి నీటిచుక్కలు.

ఇక శాఖాపరమైన చిక్కు. సాక్షిగా ఉండాల్సిన నేను పూచీ పడ్డాను కాబట్టి నా సాక్ష్యం చెల్లదు. ఇంటి మనిషిని కాదు కాబట్టి నా పూచీ కూడా చెల్లదు. తలపట్టుకున్నాను. సాక్షి వేరే శాఖ అధికారి అయినా ఫరవాలేదని ఓబులేసే గుర్తు చేశాడు. అందరం ఏఈ వైపు చూశాం. ఆయన చొక్కా అంచు పిండుకుంటూ, "ఈ విషయాలు నాకు తెలియవు. నా చొక్కా తడిసింది. అంతవరకు ఎక్కడైనా చెప్తాను" అన్నాడు. ఆ కుర్రాడికి నేను జన్మంతా కృతజ్ఞురాలిని. పూచీ సంగతి జాయింట్ డైరెక్టరు గారికి వదిలేశాను. ఈసారి ఆయన నవ్వలేదు. ఇల్లు అంటే ఏమిటో నియమావళిలో ఎక్కడా చెప్పలేదు కాబట్టి ఆ ఏడాదికి నన్ను ఆ ఇంటి మనిషిగా భావించవచ్చని రాసి పంపించారు. ఇంత తర్కం చేయగల పై అధికారి దొరకడం కూడా అదృష్టమే.

పూచీ అంటే ఊరికే నోటిమాట కాదు. చెట్టు కాయకపోతే మొదటి గొడ్డలి దెబ్బ పూచీ పడ్డవాళ్లే వెయ్యాలి. కాయాలంటే ఏడాది పొడవునా వాళ్లే తమ పగటినిద్ర చెట్టుకు పొయ్యాలి. ఇది నా ప్రాణం మీదికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నేను పగలు పడుకున్నది లేదు. అంగడి ఇంట్లో పుట్టిన పిల్లను, మధ్యాహ్నం కళ్లు మూస్తే మా నాయన చెంబెడు నీళ్లు ముఖాన కొట్టేవాడు.

అయినా సెలవుదినాల్లో నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లడం మొదలుపెట్టాను. చాప పరుచుకుని, చెట్టు కింద పడుకుని, ఆకుల్ని లెక్కపెడుతూ ఉండేదాన్ని. నిద్ర వస్తేగా! రోడ్డు మీద వచ్చిపోయేవాళ్లు "మేడం డ్యూటీలో ఉండారు" అని గొంతు తగ్గించుకుని పోయేవాళ్లు. మొదట్లో ఖాసీం అరుగు మీదినుంచి చూసి ఊరుకునేవాడు. కొన్ని వారాలకు, ఆడమనిషి ఒక్కతే రోడ్డు పక్క పడుకుంటే బాగుండదనో ఏమో, మానుకు అవతలివైపు తనూ ఒక గోనెపట్టా వేసుకుని ఒరిగాడు. మాబున్ని పోయాక ఆయన ఆ నేల మీద ఒళ్లు వాల్చడం అదే మొదలు.

మధ్యలో మాను. ఆయన ముఖం నాకు కనపడదు, నా ముఖం ఆయనకు కనపడదు. అందుకేనేమో ఆయన మాట్లాడేవాడు. మాబున్ని బూరుగుకాయ చెవి దగ్గర ఊపి, అందులో ఎవరి నిద్ర ఉందో చెప్పేదట. ఇది బడి పంతులుది, ఇది లారీ డ్రైవరుది, గురక ఇనపడ్తాండాది చూడు అని నవ్వించేదట. ఆఖరి ఆరు నెలలు కడుపునొప్పితో రాత్రులు కన్ను మూసింది లేదట. ఆ చెట్టు కింద మాత్రం కాస్త కునుకు పట్టేదట.

"అయితే ఖాసీమన్నా, ఆ చెట్టు ఆమెకు నొప్పి లేని నిద్ర ఇచ్చింది గదా" అన్నాను ఒకరోజు.

అవతల గోనెపట్టా మీద ఆయన అటు నుంచి ఇటు తిరిగిన చప్పుడయింది.

"అది నాకూ తెల్సమ్మా" అన్నాడు. "తెల్సి గూడా కోపం పోలా. ఎవురిమీద జూపేది మరి? డాక్టరు మంచోడు. దేవునిమీద జూపిస్తే తప్పు. ఇదొక్కటి కదలకుండా ఎదురుగా ఉండాది."

ఆ రోజే నాకు అర్థమైంది. ఇన్నాళ్లు మేం చెట్టు అలిగిందా, మొండికేసిందా అని కొట్టుకున్నాం. అలిగింది ఖాసీం. ఆయన మూడేళ్లుగా దాని కింద పడుకోలేదు, దానివైపు చూడలేదు, దాన్ని పలకరించలేదు. ఊళ్లోవాళ్ల నిద్ర చెట్టుకు వేర్ల దాకా అందుతూనే ఉంది, కానీ పాలు తోడుకోవాలంటే చేమిరి కావాలిగదా, అలా ఆ ఇంటి మనిషి నిద్ర చుక్కయినా పడితే తప్ప దానికి దూది కట్టదు. మా మూడు తరగతుల్లో చెట్టు అలకకు చోటుంది గానీ చెట్టు మీద మనిషి అలకకు చోటు లేదు.

ఆయన ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు, ఆ రోజు నాకే కళ్లు మూతలు పడ్డాయి. ఎంతసేపు పడుకున్నానో తెలియదు. లేచేసరికి ఎదురుగా ఓబులేసు నిలబడి ఉన్నాడు. డ్యూటీ లేని రోజు నన్ను చూడటానికి వచ్చాడట. కళ్లనిండా నీళ్లు.

"మేడం, వస్తాండాది! మూడు పొద్దుల్నించి బాగా పండుకుని వచ్చినా. అయినా వస్తాండాది!" అంటూ దవడలు పగిలేలా ఆవులించాడు. మానుకు అవతలినుంచి సన్నటి గురక వినపడుతోంది. ఇద్దరం చప్పుడు చేయకుండా కూర్చున్నాం.

మరుసటి వేసవికి చెట్టు కాసింది. కొమ్మ కొమ్మకూ కాయలే. ఏఈ తన పెళ్లికి వెళ్లే దారిలో కారు ఆపి, లెక్క చూసుకుని మరీ వెళ్లాడు. అప్పటికి రోడ్డు ఆ చెట్టు దగ్గర కొంచెం పక్కకు ఒరిగి పోయేలా వేసేశారు.

మొదట పగిలిన కాయల దూది ఎవరికి చెందాలన్నదానికి ఒక ఆచారం ఉంది. పూచీ పడ్డవాళ్లకు కాదు, గొడ్డలి ఎత్తినవాళ్లకు. వాళ్ల కోపం పూర్తిగా పోవాలని. ఖాసీం ఒప్పుకోలేదు. దూది పని చేసేవాళ్లు తమ చేతి దిండు మీద తాము పడుకోరు, వాళ్ల ఇళ్లలో తలకింద పాతగుడ్డల మూటే ఉంటుంది. "అమ్మేదాని మీద తల పెడ్తారా ఎవురన్నా?" అని మొండికేశాడు. నేనూ తక్కువ తినలేదు. ఆచారం ఆచారమే, కావాలంటే మళ్లీ చెయ్యి పట్టుకుని వేలాడతానన్నాను. గొణుక్కుంటూనే విల్లు తీశాడు. నారి మోగుతుంటే దూది తెల్లటి పొగలా లేచింది. పిడికెడు కలిపి, ఒక చిన్న దిండు కుట్టి, ఎవరికో ఇవ్వబోతున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసి, చెట్టు కిందికి తీసుకెళ్లి తల పెట్టాడు. "రోంచేపేనమ్మా. అంగడి జూసుకో" అన్నాడు.

నిమిషంలో నిద్రపోయాడు. నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి వేరు మీద వేసుకుని. ఎంత హాయిగా పడుకున్నాడంటే, చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇంతటి దృశ్యం చూసే భాగ్యం ఇచ్చినందుకు నా ఉద్యోగానికి దండం పెట్టుకున్నాను.

సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని అంగడి చూసింది నేనే. దిండు కోసం వచ్చిన బాలింత తల్లికి చెప్పాను, నిద్రపోతాండాడు, మాపుకు రాండి అని. ఆమె చెట్టు వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి పోయింది. సుబ్బరాయుడు "యాడ ఖాసీము?" అని అరవబోయి, నేను వేలు చూపించగానే మీసాలతో సహా నోరు మూసుకున్నాడు. తర్వాత రోడ్డు మీదికి వెళ్లి, హారన్లు కొట్టే లారీలకు చెయ్యి అడ్డం పెట్టి ఆపుతూ నిలబడ్డాడు. ఎవరూ ఆయనకు చెప్పలేదు.

మాపటికి ఖాసీం లేచాడు. నేను లేపలేదు. తనంతట తనే లేచాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఇంతే. బెదిరింపు విధిలో గొంతు ఎంత పెద్దది, గొడ్డలి ఎంత పదునైనది అని చూడాల్సిన పని లేదు. కోపం నిజమైతే చెట్టుకు దానంతట అదే తెలుస్తుంది. చూసుకోవాల్సింది, ఆ కోపం వచ్చిన మనిషి పక్కన ఇంకెవరైనా ఉన్నారా లేదా అని. రిటైరయ్యే ముందు నియమావళిలో ఒక్క మాట మార్పించి వచ్చాను. చెయ్యి పట్టుకునేవాళ్లు "ఆ ఇంటివాళ్లే అయి ఉండాలి" అన్నచోట ఇప్పుడు "దగ్గర ఉన్నవాళ్లెవరైనా కావచ్చు" అని ఉంది.